ఎడిటింగ్ పోర్ట్‌ఫోలియో కోసం కెమెరా: సోనీ జడ్‌వీ-ఈ10 సమీక్ష

ఎడిటింగ్‌లో అవకాశాల కోసం తిరిగే కొత్తవారి షోరీళ్లలో (తమ పని నమూనాలు కూర్చిన చిన్న వీడియోలలో) తరచుగా కనిపించే లోపం ఒకటే. సాధన కోసం ఉచితంగా దొరికే ఫుటేజ్‌నే అందరూ ఎడిట్ చేస్తారు కాబట్టి, ఆ దృశ్యాలను స్టూడియోవారు అప్పటికే మరొకరి రీలులో చూసి ఉంటారు. సొంతంగా తీసుకున్న ఒక సంభాషణ దృశ్యం, ఒక ఇంటర్వ్యూ, పెళ్లి లేదా జాతర వంటి మన అదుపులో లేని సందర్భం ఒకటి రీలులో ఉంటే, ఏ షాట్‌ను ఎక్కడ తెంచామో, ఎందుకు తెంచామో అడిగినవారికి చెప్పుకోగలుగుతాం. అందుకు కెమెరా కావాలి గాని, ఛాయాగ్రాహకుడు కోరుకునే కెమెరాయే కావాలని లేదు. గంటసేపు ఆగకుండా రికార్డు చేయగలగాలి, మాట స్పష్టంగా పట్టాలి, దాని ఫైళ్లు మన ల్యాప్‌టాప్ మొరాయించకుండా నడవాలి. ఈ మూడింటి దృష్టితోనే ఇక్కడ సోనీ జడ్‌వీ-ఈ10ను పరిశీలిస్తున్నాను.

ఈ కెమెరాను 2021లో విడుదల చేసినప్పుడు మన దేశంలో బాడీ ధర 59,490 రూపాయలు, 16-50 మి.మీ. కిట్ లెన్సుతో కలిపి 69,990 రూపాయలు. 24.2 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (వెలుగును చిత్రంగా మార్చే చిప్పు), పక్కకు తెరుచుకునే తెర, మార్చుకోదగిన లెన్సు, బ్యాటరీతో సహా 343 గ్రాముల బరువు దీని ముఖ్య లక్షణాలు. కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు కాబట్టి ఎర్రటి ఎండలో తెర మీద ఫోకస్ చూసుకోవడం కష్టమే. 2024లో దీని రెండో తరం వచ్చింది. అందులో 10 బిట్ రికార్డింగ్ (8 బిట్ కంటే ఎక్కువ రంగు ఛాయలు పట్టేది), 4కెలో సెకనుకు 60 ఫ్రేముల వేగం, పెద్ద బ్యాటరీ ఉన్నాయి. అయినా తక్కువ బడ్జెట్టులో పోర్ట్‌ఫోలియో కట్టుకునేవారికి మొదటి తరాన్నే సిఫారసు చేస్తాను. దానికి ధర ఒక కారణం మాత్రమే, అసలు కారణం ఫైళ్ల దగ్గర ఉంది.

ఈ కెమెరా తీసే 4కె క్లిప్పులు 8 బిట్ 4:2:0 హెచ్.264 రకానివి (రంగుల సమాచారాన్ని కొంత తగ్గించి ఫైలును కుదించే పద్ధతి), వాటి గరిష్ఠ బిట్‌రేట్, అంటే రాసే సమాచారం, సెకనుకు 100 మెగాబిట్లు. కాగితం మీద ఇది పాతకాలపు సంగతిలా కనిపించవచ్చు గాని, కొన్నేళ్లుగా వాడుతున్న మామూలు ల్యాప్‌టాప్ కూడా ఈ రకం ఫైలును ఓపికగా భరిస్తుంది. రంగు సమాచారం ఇంకా ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 క్లిప్పుల విషయం వేరు. చాలా గ్రాఫిక్స్ కార్డులలో వాటిని విప్పే ఏర్పాటు లేనందున భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, రెండు క్లిప్పులను ఒకదాని మీద ఒకటి పెట్టగానే ప్లేబ్యాక్ తడబడుతుంది. కట్ సరైన ఫ్రేములో పడిందో లేదో చూసుకోవలసిన వ్యక్తికి ఆ తడబాటు కంటే పెద్ద అడ్డంకి లేదు. ఎక్కువ ఖరీదైన కెమెరా కొని దాని ఫైళ్లను నడపలేక మళ్లీ కంప్యూటర్ కోసం అప్పు చేయడం మన రంగంలో అరుదైన విషయమేమీ కాదు.

ల్యాప్‌టాప్ మరీ బలహీనమైనదైతే ఇందులోనే మరో సౌకర్యం ఉంది. మెనూలో ప్రాక్సీ రికార్డింగ్‌ను ఆన్ చేస్తే, ప్రతి 4కె క్లిప్పుతో పాటు 720పీ చిన్న నకలు కూడా కార్డులో చేరుతుంది. అసలు క్లిప్పులు ఎం4రూట్ ఫోల్డరులోని క్లిప్ అనే ఉపఫోల్డరులో, నకళ్లు సబ్ అనే ఉపఫోల్డరులో ఉంటాయి. సీ0001 అనే క్లిప్పు నకలుకు పేరు చివర ఎస్03 చేరుతుంది. ఫైళ్లను కాపీ చేసేటప్పుడు పైపైన కనిపించినవి మాత్రమే లాగకుండా ఫోల్డర్ల అమరికను ఉన్నదున్నట్టుగా డిస్కులోకి దించుకుంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లయిన ప్రీమియర్‌లో గాని డావిన్చీ రిజాల్వ్‌లో గాని ప్రాక్సీలను జతచేసి తేలికగా పని చేసుకోవచ్చు. ప్రాక్సీలతో ఎడిట్ చేసి చివర అసలు ఫైళ్లతో ఎగుమతి చేయడం స్టూడియోలలో ఎలాగూ నేర్చుకోవలసిన పద్ధతే కనుక, ఆ అలవాటు ఇంటి దగ్గరే అబ్బుతుంది.

ఫ్రేమ్ రేటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే విదేశీ సమీక్షలు చూసి కొన్నవారు ఇక్కడే తికమక పడతారు. మన దేశంలో అమ్మే యూనిట్లు పాల్ అనే వీడియో పద్ధతిలో వస్తాయి. అందులో సెకనుకు 25, 50, 100 ఫ్రేములు ఉంటాయి గాని 24 ఉండదు. సినిమా లుక్ కోసమని ఎన్‌టీఎస్‌సీ అనే మరో పద్ధతికి మారిస్తే 24, 30 వస్తాయి, దానితో పాటు కెమెరా ఆన్ చేసిన ప్రతిసారీ ఆ మార్పును గుర్తుచేసే సందేశమూ తెర మీద వస్తుంది. నా సలహా 25 దగ్గరే ఉండిపోవడం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంది. షట్టర్‌ను (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయాన్ని) 1/50 సెకను దగ్గర పెడితే ప్రతి ఫ్రేములో ఆ వెలుగు సరిగ్గా రెండు దఫాలు పడుతుంది, దృశ్యం మీద చారలు పాకవు. పైగా 25 ఫ్రేముల 4కెలో కెమెరా సెన్సర్ పూర్తి వెడల్పును వాడుకొని, 6కె పాటి సమాచారాన్ని 4కెకు కుదించి ఇస్తుంది. 30 ఫ్రేములకు వెళితే చిత్రం 1.23 రెట్లు కత్తిరించుకుపోయి, ఇరుకు గదిలో లెన్సుకు కనిపించే భాగం మరింత తగ్గుతుంది. ఫంక్షన్ హాళ్లలో వేలాడదీసే చవక ఎల్‌ఈడీ తోరణాలు మాత్రం ఏ లెక్కకూ లొంగవు. వాటి ముందు షట్టర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ చారలు తగ్గే చోటును కంటితో వెతుక్కోవలసిందే.

పూర్తి వెడల్పు 4కె వల్ల ఎడిటర్‌కు కలిగే అసలు లాభం ఇంటర్వ్యూలో తెలుస్తుంది. పోర్ట్‌ఫోలియోను 1080పీలో ఇస్తే సరిపోతుంది కాబట్టి, ఒకే కెమెరాతో నడుము వరకు తీసిన షాట్‌ను టైమ్‌లైన్ మీద రెట్టింపు వరకు పెంచి ముఖానికి దగ్గరగా తెచ్చుకోవచ్చు. మాటల మధ్య నసుగుడు తీసేసిన చోట ఈ దగ్గరి షాట్ పెడితే కోత తెలియదు, చూసేవారికి రెండు కెమెరాలతో తీసినట్టే ఉంటుంది.

రంగుల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఎస్-లాగ్3 (తరవాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చిత్రాన్ని చప్పగా రికార్డు చేసే పద్ధతి) ఉందని ఉత్సాహపడి అన్నింటినీ అందులో తీస్తే, 8 బిట్ ఫైలు గ్రేడింగ్‌లో (రంగులు దిద్దేటప్పుడు) కాస్త లాగగానే ఆకాశం మెట్లు మెట్లుగా విడిపోతుంది. సున్నం వేసిన గోడ మీదా, పసుపు రాసిన చెంపల మీదా ఇదే జరుగుతుంది. కెమెరాలోని సినీ2 లేదా సినీ4 గామాలో (వెలుగునీడల అమరికలో), ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండింటినీ చేత్తో స్థిరపరచి తీయడం మేలు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే జీలకర్ర-బెల్లం దగ్గర ఒక రంగు, తలంబ్రాల దగ్గర మరో రంగు వస్తుంది, ఆ రెండింటినీ కలపడానికి పట్టే సమయంలో మొత్తం సీక్వెన్సు కట్ చేసుకోవచ్చు.

ఈ కెమెరాకు ఉన్న నిజమైన బలహీనత రోలింగ్ షట్టర్. 4కెలో సెన్సర్‌ను పైనుంచి కిందికి చదవడానికి దాదాపు సెకనులో ముప్ఫయ్యో వంతు సమయం పడుతుంది కాబట్టి, వేగంగా పక్కకు తిప్పితే స్తంభాలు ఒరిగిపోయినట్టు కనిపిస్తాయి. ఈ వంకరను ఎడిటింగ్‌లో పూర్తిగా సరిచేయలేం. కుదుపును ఆపే సెన్సర్ స్థిరీకరణ కూడా లేదు. యాక్టివ్ స్టెడీషాట్ అనే అమరిక చిత్రాన్ని కత్తిరించి కొంత మేలు చేస్తుంది. కదలిక వివరాలను కెమెరా క్లిప్పులోనే దాస్తుంది కాబట్టి, సోనీ ఉచితంగా ఇచ్చే కేటలిస్ట్ బ్రౌజ్ అనే సాఫ్ట్‌వేర్‌లో తరవాత కూడా కుదుపు తగ్గించుకోవచ్చు. జాతరలో పరుగెత్తుతూ తీయాలనుకునేవారు వేరే కెమెరా చూసుకోవాలి. నిలబడి చూసే ఓపిక ఉన్నవారికి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) చాలు.

ధ్వని విషయంలో ఇది తన ధరకు మించిన మర్యాద చూపిస్తుంది. మైక్ జాక్‌తో పాటు హెడ్‌ఫోన్ జాక్ కూడా ఉంది. చాలా చవక కెమెరాలు తీసిపారేసేది ఈ రెండోదాన్నే. కాలర్ మైక్ తీగ వదులై గరగర వస్తోందని ఇంటికి వెళ్లాక కాకుండా అక్కడే తెలుస్తుంది. కెమెరా మీదున్న మైకుకు బొచ్చు తొడుగు ఇచ్చారు గాని, ఆ మైకు ధ్వనిని తరవాత వేరే ధ్వనితో కలిపి సరిచూసుకోవడానికి మాత్రమే వాడుకోవాలి.

ఇతర కెమెరాల మాటకొస్తే, 2015 నాటి పానసోనిక్ లూమిక్స్ జీ7 సెకండ్ హ్యాండ్‌లో ఇంకా చవకగా దొరుకుతుంది, 4కె కూడా తీస్తుంది. కానీ వీడియోలో దాని ఆటోఫోకస్ తడుముకుంటుంది, హెడ్‌ఫోన్ జాక్ లేదు. చేత్తో ఫోకస్ చేయడం వచ్చినవారికి అది మంచి బేరమే. 2023లో వచ్చిన క్యానన్ ఆర్50లో 30 ఫ్రేముల 4కె కూడా కత్తిరింపు లేకుండా వస్తుంది గాని, హెడ్‌ఫోన్ జాక్ దానికీ లేదు. ఫోన్ చాలదా అని అడిగేవారికి ఒక్క మాట: చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును మధ్యలో హెచ్చుతగ్గులు చేస్తాయి, వేరుగా రికార్డు చేసిన మాట కొంతసేపటికి పెదవులతో కలవదు.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు షాపులోనే ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్‌ను (ఎంత వేడెక్కితే కెమెరా ఆగిపోవాలో చెప్పే అమరికను) హై దగ్గర పెట్టి, 4కెలో పావుగంట పాటు ఆపకుండా రికార్డు చేయించండి. ఆ సమయంలో తెర కీలును తిప్పి చూడండి, రెండు జాకులలోనూ పిన్ను పెట్టి కదిలించి వినండి. దీని ఎన్‌పీ-ఎఫ్‌డబ్ల్యూ50 బ్యాటరీ చిన్నది కాబట్టి రెండోది తప్పదు, లేకపోతే యూఎస్‌బీ-సీ ద్వారా పవర్ బ్యాంకుతో నడపాలి. సెకనుకు 100 మెగాబిట్లంటే గంటకు 45 జీబీ. వేగంగా రాయగలదని తెలిపే యూ3 గుర్తున్న 128 జీబీ కార్డు ఒకటి, రెండు నకళ్లు దాచుకోవడానికి రెండు డిస్కులు, ఒక కాలర్ మైకు కొనడానికి సరిపడా డబ్బును ముందుగా పక్కన పెట్టి, మిగిలినదానితో కెమెరా బేరం మొదలుపెట్టండి.