‘టంబుల్‌వీడ్స్’ (1925): ముందు కాపీ చూసుకోండి, తర్వాతే సినిమా

మూకీ వెస్టర్న్ (మాటల్లేని కౌబాయ్ సినిమా) ఒక్కటైనా చూద్దామనుకునేవాళ్లకు ఇది సరైన ఎంపికే. కానీ పేరు కొట్టగానే పైన వచ్చిన కాపీ పెట్టేసుకుంటే సగం సినిమా పాడవుతుంది. అమెరికాలో కాపీరైట్ గడువు తీరిపోయింది కాబట్టి ఎవరికి తోచిన ప్రింటు వాళ్లు ఎక్కించేశారు.

ఎక్కువగా దొరికేది 1939లో మళ్లీ విడుదల చేసిన రూపం. సంగీతం, చప్పుళ్లు కలిపారు, మొదట్లో హీరో విలియం ఎస్. హార్ట్ ఎనిమిది నిమిషాల పాటు మాట్లాడతాడు. సౌండ్ ట్రాక్ ఉన్న ప్రింట్లతో రెండు ఇబ్బందులు. ట్రాక్‌కి చోటివ్వడానికి బొమ్మ ఎడమ అంచు కోసేసి ఉండొచ్చు. టైటిల్ కార్డు (మధ్యమధ్య మాటలు రాసి చూపే పలక) చూస్తే తెలిసిపోతుంది: అక్షరాలు ఎడమ అంచుకి అతుక్కుని, కుడివైపు ఖాళీ మిగిలితే ఆ కాపీ వదిలేయండి. రెండోది వేగం. టాకీ వేగం సెకనుకు 24 ఫ్రేములు, మూకీలు చాలావరకు అంతకంటే నెమ్మదిగా తీసినవి. 20తో తీసినదాన్ని 24తో ఆడిస్తే గంట సినిమా 50 నిమిషాల్లో అయిపోతుంది, మనుషులు కీ ఇచ్చిన బొమ్మల్లా నడుస్తారు. వీధిలో నడకలు అలా కనిపిస్తే ప్లేయర్‌లో వేగం 0.9కి తగ్గించండి. సంగీతం సాగినట్టుంటే మ్యూట్ చేసేయండి, పెద్ద నష్టమేమీ లేదు.

ఇంత తంటా దేనికంటే, ఆ పరుగు కోసం. 1893 సెప్టెంబర్ 16 మధ్యాహ్నం, ఇప్పటి ఓక్లహోమాలోని చెరోకీ స్ట్రిప్‌ను ప్రభుత్వం పంచడానికి తెరిచింది. ముందు చేరి గుంజ పాతినవాడిదే 160 ఎకరాలు. సరిహద్దు గీత వెంబడి బళ్లు, గుర్రాలు, గడియారాలు చూసుకుంటున్న చేతులు. ఎవరూ కదలరు. దర్శకుడు కింగ్ బాగట్ ఆ నిలుపుదలని ఓపిక నశించేదాకా సాగదీస్తాడు. ఫిరంగి పేలగానే తెర అంచు నుంచి అంచుకి దుమ్ము, చక్రాలు. ఎడమ అంచు తెగితే పోయేది ఈ వెడల్పే.

హీరో డాన్ కార్వర్ అప్పటికింకా గీత దగ్గర లేడు. తప్పిపోయిన పశువుల కోసం ముందే లోపలికి వెళ్లాడని, దొంగచాటుగా దూరే ‘సూనర్’ అనుకుని సైనికులు పట్టుకున్నారు. తప్పించుకుని అందరికంటే వెనక బయల్దేరి, ఒక్కొక్క బండినీ దాటుకుంటూ పోతాడు. జోసెఫ్ ఆగస్ట్ కెమెరా ఇక్కడ గుర్రాన్ని వదలదు.

మిగతాది అంత గొప్పగా లేదు. లూషియన్ లిటిల్‌ఫీల్డ్ హాస్యం మొదటి సగాన్ని ఈడుస్తుంది. అరవై దాటిన హార్ట్, ఇరవై రెండేళ్ల బార్బరా బెడ్‌ఫర్డ్ పక్కన ప్రేమికుడిగా అతకడు. అసలు భూమి చెరోకీలదన్న మాట కథకు పట్టదు, దాని దుఃఖమంతా కౌబాయ్‌లదే. మేత భూమి పోయి మందలు తరలిపోతుంటే వాళ్లు టోపీలు తీసి నిలబడే దృశ్యం మాత్రం నిజంగా బాగుంది.

1939 ముందుమాట చివర్లో చూడండి, మొదటే చూస్తే కథ తెలిసిపోతుంది. న్యూహాల్‌లోని సొంత రాంచ్‌లో నిలబడి, 74 ఏళ్ల హార్ట్ పాత నాటకాల గొంతుతో మాట్లాడతాడు. మొదట అతిగా అనిపిస్తుంది. గుర్రాల ప్రస్తావనకు వచ్చేసరికి ఆ గొంతు వణుకుతుంది.