సావొరైట్: నూనె పట్టించని ఆకుపచ్చ రాయి

గార్నెట్ అనేది ఒక రత్నాల కుటుంబం. ఆకుపచ్చ రంగు గార్నెట్లలో నగకు మొదట ఎంచుకోదగ్గది సావొరైట్. గోమేదికం లాగే ఇదీ గార్నెట్లలో గ్రాసులర్ అనే జాతిది. వెనేడియం, క్రోమియం కలవడం వల్ల దీనికి ఆకుపచ్చ వస్తుంది. 1967లో టాంజానియాలో దొరికింది. తర్వాత కెన్యాలోని సావో పార్కు పేరు పెట్టారు.

మరకతాల్లో చాలావాటికి పగుళ్లు కప్పడానికి నూనె పట్టిస్తారు. సావొరైట్‌కి ఆ అవసరం రాదు, మెరుపూ ఎక్కువే: కాంతిని రాయి ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం దీనికి సుమారు 1.74, మరకతానికి సుమారు 1.58. ఈ ఒక్క అంకెతోనే ఏది ఏదో తేలిపోతుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం (లూప్)లో గుండ్రటి గాలిబుడగలు కనిపిస్తే గాజు అని అనుమానించాలి.

కొనేటప్పుడు రాయిని తెల్ల కాగితం మీద పెట్టి నేరుగా పైనుంచి చూడండి. నడిమి భాగం వెలిసినట్టుండి కింది కాగితం కనిపిస్తోందంటే రాయి కింది భాగాన్ని లోతు తగ్గించి కోశారన్నమాట. అలాంటిది ఎంత చవకైనా వద్దు. పెద్ద రాళ్లలో రంగు మరీ చిక్కనై నల్లగా కనబడొచ్చు. రెండు క్యారెట్లు దాటిన మంచి రాయి నిజంగా అరుదు.

మోస్ కొలమానంలో కాఠిన్యం 7 నుంచి 7.5. చెవిపోగులకు, లాకెట్‌కు భేషుగ్గా ఉంటుంది. రోజూ పెట్టుకునే ఉంగరమైతే రాయి అంచు చుట్టూ లోహపు పట్టీ (బెజెల్) కట్టించండి. అతుకు పని ఉంటే రాయి తీయించాకే మంట తగలనివ్వాలి, హఠాత్తు వేడికి పగులుతుంది. ఆవిరితో శుభ్రం చేయించకండి. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు.