నారాలో గైడ్: ఉచితంగా వచ్చేవారా, డబ్బిచ్చి పెట్టుకునేవారా? ఏది మేలు?

ఏటా మార్చి వచ్చేసరికి ఇక్కడ జపాన్‌లోని ఒసాకాలో ఉండే మనవాళ్ళు అమ్మానాన్నల్ని రప్పించుకోవడం మొదలుపెడతారు. అప్పటినుంచి నాకు ఒకటే ప్రశ్న. "పక్కనున్న పాత రాజధాని నారా చూపించడానికి గైడ్ కావాలా? ఉచితంగా వచ్చే వాలంటీర్లు ఉన్నారట కదా, మరి డబ్బెందుకు దండగ?"

నేను రెండూ చేసి చూశాను. రెండేళ్ళ క్రితం అత్తయ్య, మామయ్యలకు వాలంటీర్ గైడ్‌ను, మొన్న ఏప్రిల్‌లో మా అమ్మానాన్నలకు లైసెన్స్ ఉన్న గైడ్‌ను పెట్టాను.

వాలంటీర్లను ఇక్కడ గుడ్‌విల్ గైడ్‌లు అంటారు. ఫీజు ఉండదు. వాళ్ళ ప్రయాణం ఖర్చు, ప్రవేశ టికెట్లు, మధ్యాహ్నం భోజనం మనం చూసుకోవాలి. కనీసం రెండు వారాల ముందు మెయిల్ పెట్టాలి. కాలేజీ పిల్లలూ వస్తారు, రిటైరైన పెద్దలూ వస్తారు. మాకు వచ్చింది డెబ్బై దాటిన పెద్దమనిషి. ఎన్ని గంటలకు ఎక్కడ ఉండాలో చేత్తో రాసి, పటం గీసి తెచ్చారు. దారిలో జింకలకు పెట్టే బిస్కెట్లు ఆయనే కొని అత్తయ్య చేతిలో పెట్టారు. అంత మంచి మనిషిని నేను ఇక్కడ తక్కువగా చూశాను.

చిక్కంతా అక్కడే వచ్చింది. మహాబుద్ధుడి గుడి తోదైజి చూశాక, పక్కనున్న గుట్ట మీద నిగత్సుదో అనే మందిరానికి మెట్లెక్కాలి. అత్తయ్య సగంలోనే ఆయాసపడుతున్నారు. అయినా ఎవరం నోరు మెదపలేదు. పైసా తీసుకోకుండా, తన రోజంతా మనకోసం పెట్టిన పెద్దాయనతో "ఇక్కడ ఆపేద్దామండీ" అని ఎలా అంటాం? ఆయనకు ఒక మాట చెబితే సంతోషంగా ఆపేవారే. చెప్పలేకపోయింది మేమే. రాత్రి ఇంటికొచ్చాక మోకాళ్ళకు మందు రాసుకుంటూ అత్తయ్య అన్నారు, "మొహమాటానికి పోయి ఎక్కానమ్మా" అని.

గైడ్ విషయంలో ఖర్చు కన్నా, చరిత్ర ఎంత తెలుసన్నదాని కన్నా ఈ మొహమాటమే అసలు సంగతని నాకు అప్పుడు అర్థమైంది. మన పెద్దవాళ్ళు అడగరు, కాదనరు. డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి దగ్గరైతే వాళ్ళ తరఫున మనం నిస్సంకోచంగా అడగగలం.

ఏప్రిల్‌లో అదే చేశాను. మెట్లు వద్దనీ, గంటకోసారి కూర్చోవాలనీ, ప్రతి మాటా నేను తెలుగులో చెప్పేదాకా ఆగాలనీ ముందే మెయిల్‌లో రాశాను. ఈ చివరిది చాలా ముఖ్యం. ప్రభుత్వ లైసెన్స్ పరీక్ష పెట్టే పది విదేశీ భాషల్లో మన దేశపు భాష ఒక్కటీ లేదు. గైడ్ ఇంగ్లిష్‌లో చెబితే ఇంట్లో ఎవరో ఒకరు అమ్మకు చెప్పాల్సిందే.

గైడ్‌గా వచ్చినావిడ నిజంగానే ఆగారు. తోదైజి మహాబుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం చేసింది బోధిసేనుడనే భారతీయ సన్యాసి అనీ, కళ్ళు దిద్దిన కుంచెకు పొడవాటి దారం కట్టి అక్కడున్నవాళ్ళంతా దాన్ని పట్టుకున్నారనీ చెబితే, నాన్న మూడుసార్లు అడిగి మరీ విన్నారు. గుడి వాకిట్లో కుడివైపు ఎర్ర టోపీ, ఎర్ర వస్త్రంతో ఒక కొయ్య విగ్రహం ఉంటుంది. పేరు బింజురు. మనకు ఎక్కడ నొప్పో ఆయనకు అక్కడ తాకి, తర్వాత మనల్ని మనం తాకితే నయమవుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఆయన అసలు పేరు పిండోల భరద్వాజుడని, బుద్ధుడి శిష్యుడని గైడ్ చెప్పగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. "మాదీ భారద్వాజస గోత్రమేనని చెప్పవే!" అంది. గోత్రమంటే ఏమిటో నేను ఆవిడకు చెప్పాను. ఆవిడ నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. అమ్మ బింజురు మోకాలు పట్టుకుని అరగంట అక్కడే కూర్చుంది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత కసుగ తైషా అనే షింటో గుడికి నడక మానేసి టాక్సీలో వెళ్ళాం.

భోజనం టెన్షన్ కూడా తప్పింది. ఇక్కడ చాలాచోట్ల కూరగాయల పులుసులో కూడా ఎండు చేపతో కాచిన దాషి అనే రసం పడుతుంది. గైడ్ ముందురోజే హోటల్‌కు ఫోన్ చేసి కనుక్కున్నారు.

ఖర్చు తక్కువేం కాదు. రోజంతా అయితే 30 వేల నుంచి 50 వేల యెన్‌ల దాకా అడగడం మామూలే. కానీ అది మనిషికి కాదు, మొత్తం గుంపుకి. నారాకి సగం రోజు చాలు. ఇంకో కుటుంబంతో కలిస్తే ఇంకా తేలిక. టిప్ ఇచ్చే అలవాటు ఇక్కడ లేదు. గైడ్‌లు తమ సొంత కారులో అద్దెకు తిప్పకూడదు కాబట్టి బస్సు, టాక్సీ ఖర్చు వేరే. ఇంకొకటి: 2018 జనవరి నుంచి లైసెన్స్ లేనివాళ్ళు కూడా డబ్బు తీసుకుని గైడ్‌గా పనిచేయవచ్చు. వాళ్ళలోనూ మంచివాళ్ళున్నారు. అయినా పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు నేను లైసెన్స్ ఉందా అనే అడుగుతాను. ఆ పరీక్షలో జపాన్ చరిత్ర, భూగోళం కూడా ఉంటాయి.

కొత్తగా పెళ్ళైన జంటో, స్నేహితులో అయితే వాలంటీర్‌నే పెట్టుకోండి. కాలేజీ పిల్లలతో తిరిగితే ఆ ఊరి మనుషులు దగ్గరవుతారు. భోజనం మాత్రం తప్పకుండా మంచిగా పెట్టించండి.

బస్ టూర్ గురించి చెప్పేదేం లేదు. జెండా పట్టుకున్న మనిషి వెనక పరుగెత్తడం పెద్దవాళ్ళవల్ల కాదు. ఫోన్‌లో వినే ఆడియో గైడ్ ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు సరిపోతుంది.

అక్టోబరులో అత్తయ్య మళ్ళీ వస్తున్నారు. ఏప్రిల్‌లో వచ్చిన గైడ్‌కే మెయిల్ పెట్టాను: నిగత్సుదో వద్దు, బింజురు దగ్గర అరగంట కావాలి.