వెనక గోడకు ఏది మేలు: కార్క్ బెరడా, మార్కాపురం పలకా?

ప్లాంటెడ్ ట్యాంక్ (చేపలతో పాటు నీటి మొక్కలు పెంచే అద్దాల తొట్టి) పెట్టేవాళ్లు మొక్కలకూ లైటుకూ ఎంతైనా ఖర్చు పెడతారు. వెనక అద్దానికి మాత్రం నీలం స్టిక్కరు అంటించి ఊరుకుంటారు. ఆ గోడ చెట్టు మానులాగో కొండ చరియలాగో కనిపిస్తే ట్యాంక్ అందమే వేరు. సగం నేల, సగం నీళ్లు ఉండే పాలుడేరియంలో అయితే మొక్కలు ఎక్కాల్సింది ఆ గోడే. దానికి కార్క్ తెప్పించుకోవాలా, మన మార్కాపురంలో దొరికే పలక రాయితో కానివ్వాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీటి మట్టానికి పైన కార్క్‌కు సాటి లేదు. నీళ్ల కింద పలకే మేలు.

కార్క్ అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. ఎక్కువగా పోర్చుగల్, స్పెయిన్‌లలో పండుతుంది. చెట్టు కొట్టరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు. దాంట్లో సుబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది కాబట్టి తేమలో ఏళ్ల తరబడి ఉన్నా కుళ్లదు. మన తీరంలో ఉచితంగా దొరికే సరుగుడు బెరడుకు ఆ గుణం లేదు, మెత్తబడి రాలిపోతుంది. కార్క్ గరుకు పగుళ్లలో ఫెర్నులు, ఆర్కిడ్లు, పాకే ఫైకస్ వేళ్లు చక్కగా పట్టుకుంటాయి.

చిక్కంతా నీళ్లలో దించినప్పుడే. 60 సెంటీమీటర్ల పొడవు, 40 ఎత్తు, సగటున 2 మందం ఉన్న కార్క్ ముక్క కిలో తూగుతుందేమో. కానీ అది పక్కకు నెట్టే నీళ్లు దాదాపు ఐదు లీటర్లు. అంటే నాలుగు కిలోల బలంతో రాత్రీ పగలూ పైకి తన్నుతూనే ఉంటుంది. నానబెడితే మునుగుతుందిలే అనుకోవద్దు, కార్క్ లోపల గాలి అంత తేలిగ్గా వదలదు. ఆ బలాన్ని ఆపాల్సింది అద్దానికి అంటించే సిలికాన్ జిగురు ఒక్కటే.

అందుకే కార్క్ అంటించడం ఖాళీ ట్యాంక్‌లో, పొడి అద్దం మీదే జరగాలి. బెరడు వంకరగా వస్తుంది. వేడినీళ్లలో నానబెట్టి, బరువు పెట్టి చదును చేసి, లోపలి తేమ కూడా పోయేదాకా ఎండబెట్టాలి. వెనక వైపు గరుకు కాగితంతో రుద్ది, పొట్టు దులపాలి. పొట్టు మిగిలితే సిలికాన్ పట్టేది పొట్టునే, బెరడును కాదు. నాలుగు మూలలా చుక్కలు పెడితే చాలదు, వెనకంతా పరిచి అంచుల చుట్టూ పూర్తిగా మూసేయాలి. సిలికాన్ అక్వేరియం రకమే కొనండి, బాత్‌రూం కోసం బూజు మందు కలిపినది చేపలకు విషం. పుల్లటి వాసన పూర్తిగా పోయాకే నీళ్లు.

అంచులు ఎందుకు మూయాలో రొయ్యల చెరువు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నీళ్లు కదలని మూలలో అడుగు నల్లబడి కుళ్లు గుడ్ల వాసన కొట్టినట్టే, కార్క్ వెనక సందులోనూ మురుగు చేరి అదే జరుగుతుంది. చిన్న చేపలు దూరితే బయటికి రాలేవు.

పలకకు ఈ టెన్షన్ లేదు. సెంటీమీటరు మందం ఉన్న అదే సైజు పలక ఆరు కిలోల పైనే ఉంటుంది, తేలే ప్రశ్నే లేదు. మార్కాపురం గనుల దగ్గర పనికిరాదని గుట్టలుగా పోసిన ముక్కలు మనకు బంగారం. అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేరిస్తే అచ్చం కొండ పొరలే. అడుగు వరస మాత్రం ఇసుక మీద కాకుండా అద్దం మీద, పల్చటి ఫోమ్ షీటు వేసి ఆనించండి. ఇసుక జారితే పలక ఒరిగి అద్దం పగులుతుంది. ముందు ఒక ముక్క మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు, పక్కన పెట్టేయండి. పసుపు రంగులో మెరిసే రవ్వలున్నా వద్దు, తుప్పు మరకలు దిగుతాయి. నునుపు వల్ల మనం పెంచుకునే నాచు (మాస్) త్వరగా పట్టదు, అదొక్కటే లోటు. రాయికి అంటుకుని పెరిగే అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలను ఫెవిక్విక్ జెల్‌తో అతికిస్తే సరిపోతుంది.

కార్క్ మొదట్లో నీళ్లను టీ రంగుకు తెస్తుంది. దాంతో పీహెచ్ పడిపోయి నీళ్లు ఆమ్లంగా మారతాయని భయం అక్కర్లేదు. ప్రకాశం వైపు బోరు నీళ్ల కాఠిన్యం ముందు బెరడు నుంచి దిగే ఆ కాస్త టానిన్ (రంగు పదార్థం) లెక్కలోకి రాదు. అసలు ఇబ్బంది ఆ బోరు నీళ్లే. కార్క్ నీళ్లు పీల్చదు కాబట్టి పైన ఉన్న నాచుకు రోజూ స్ప్రే కొట్టాలి, మే నెలలో ఇంకా ఎక్కువ. బోరు నీళ్లు కొడితే బెరడంతా తెల్ల చారలు కడుతుంది. దానికి మాత్రం క్యాన్ నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడండి.

నోటీసు బోర్డు కార్క్ షీటు జోలికి పోవద్దు, అది పొడిని జిగురుతో అదిమిన సరుకు. కొబ్బరి పీచు తడిని బాగా పట్టి ఉంచుతుంది, అందుకని నీటి మట్టానికి పైన కార్క్ సందుల్లో కుక్కడానికి బాగుంటుంది. నీళ్లలో కుళ్లిపోతుంది.

ఇప్పటికే నీళ్లు నింపిన ట్యాంక్ ఉంటే కార్క్ ఆలోచన మానుకోండి, తడి అద్దానికి సిలికాన్ పట్టదు. బయటి వైపు నల్ల షీటు అంటించి, అనుబియాస్ అతికించిన రెండు మూడు పలక ముక్కలను లోపల వెనక్కి ఆనించండి. వద్దనుకున్న రోజు తీసేయొచ్చు.