మెట్లెక్కని పిల్ల: ‘ఐ కిల్ జెయింట్స్’ చదివాక

ఈ బొమ్మల నవల గురించి చెప్పాలంటే ముందు బార్బరా థోర్సన్ ఎంత పెంకి పిల్లో చెప్పాలి. అమెరికాలో అయిదో తరగతి చదువుతుంటుంది. కళ్ళద్దాలు, తల మీద కుందేలు చెవులు. టీచర్లకి ఎదురు సమాధానాలు చెబుతుంది, తోటి పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. పెద్దయ్యాక ఎవరేం చేస్తారని క్లాసులో మాటలు నడుస్తుంటే, నాకు ఇప్పటికే ఒక పని ఉంది, జెయింట్లని చంపుతాను అంటుంది. నవ్వించడానికి అన్న మాట కాదు. జెయింట్లలో రకాలేంటి, వాటికంటే పెద్దవైన టైటన్లు ఎలా ఉంటాయి, అవి వచ్చే ముందు ఏ గుర్తులు కనిపిస్తాయి, అన్నీ దాని దగ్గర లెక్కగా ఉన్నాయి.

జో కెలీ రాశాడు, జె.ఎం. కెన్ నీమురా బొమ్మలు వేశాడు. 2008లో ఇమేజ్ కామిక్స్ వాళ్ళు విడి సంచికలుగా మొదలుపెట్టి ఏడు సంచికల్లో ముగించారు, తర్వాత ఒకే పుస్తకంగా వచ్చింది. నేను కొన్నది ఆ పుస్తకమే. మొత్తం నలుపు తెలుపు. 2017లో సినిమా కూడా తీశారు గానీ నా మాట వింటే ముందు పుస్తకం చదవండి, ఎందుకంటే ఇందులో సగం కథ బొమ్మల్లోనే ఉంది.

బార్బరా దగ్గర గుండె ఆకారంలో ఒక చిన్న పర్సు ఉంటుంది. అందులో జెయింట్లని చంపే పెద్ద సుత్తి ఉందని దాని నమ్మకం, ఆ సుత్తి పేరు కోవలెస్కీ. పేరు వెనక నిజంగా జరిగిన బేస్‌బాల్ కథ ఉంది. 1908లో ఫిలడెల్ఫియా ఫిలీస్ తరఫున హ్యారీ కోవలెస్కీ అనే కొత్త బౌలర్ లాంటి ఆటగాడు (వాళ్ళ భాషలో పిచ్చర్) అయిదు రోజుల్లో మూడుసార్లు న్యూయార్క్ జెయింట్స్‌ని ఓడించాడు. ఆ ఏడాది జెయింట్స్‌కి లీగ్ టైటిల్ ఒక్క గేమ్ తేడాతో పోయింది. అప్పట్నుంచి ఆయనకి జెయింట్ కిల్లర్ అని పేరు. ఎవరూ లెక్కలోకి తీసుకోని కుర్రాడు వచ్చి పెద్ద జట్టుని పడగొట్టిన కథ. బార్బరా పట్టుకున్నది దాన్ని. నాకు బేస్‌బాల్ ముక్క తెలియదు, కానీ ఈ సంగతి తెలుసుకున్నాక ఆ పర్సు కనిపించిన ప్రతి పేజీలో నా చూపు ఆగింది. ఇంతకీ ఆ పిల్ల ఓడించాలనుకుంటున్నది ఎవరిని?

ఇక్కణ్ణుంచి కథ చెప్పేస్తున్నాను, ముందే తెలియకూడదనుకునేవాళ్ళు ఆఖరి రెండు పేరాలకి వెళ్ళిపోండి.

బార్బరా ఇంట్లో పైఅంతస్తు ఉంది. ఆ పిల్ల పైకి వెళ్ళదు. ఇంటి పనీ వంటా అన్నీ అక్క కారెన్ నెత్తిన పడతాయి, ఆ అక్క ఎంత అలిసిపోయి ఉంటుందో నీమురా ముఖం మీదే చూపిస్తాడు. పైన ఏముందో చాలాసేపు మనకి చెప్పరు. జెయింట్ ఉందేమో అనిపించేలా ఆ మెట్లు చీకటిగా, భయంగా ఉంటాయి. పైన ఉన్నది వాళ్ళమ్మ. మంచాన పడి, చావుకి దగ్గరగా ఉన్న అమ్మ. ఊరి మీదకి జెయింట్ వస్తోంది, ఆపాల్సింది నేనే అని ఆ పిల్ల ఎందుకు అంత గట్టిగా నమ్ముతోందో అప్పుడు తెలుస్తుంది.

నేను అక్కడ పుస్తకం మూసి కాసేపు అలా కూర్చున్నాను. మా నాన్న జబ్బుపడినప్పుడు నాకు పదకొండేళ్ళు. ముందు గదిలో మంచం వేశారు, తలుపు ఎప్పుడూ సగం మూసి ఉండేది, నేను రాగానే అత్తయ్యలూ పిన్నులూ మాటలు ఆపేసేవాళ్ళు. హోంవర్క్ ఉందని చెప్పి ఆ గదిలోకి వెళ్ళకుండా తప్పించుకునేదాన్ని. బదులుగా నాకో పని పెట్టుకున్నాను. బడి నుంచి వచ్చేటప్పుడు వీధి చివర వేపచెట్టు నుంచి మా గేటు దాకా ఊపిరి బిగపట్టి నడిస్తే ఆ రోజు నాన్నకి ఏమీ కాదు. ఒకరోజు మధ్యలో దగ్గొచ్చింది. మళ్ళీ వెనక్కి చెట్టు దాకా వెళ్ళి మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో ఇది ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే ఇక్కడ రాస్తున్నాను. అందుకే బార్బరా చేసే తంతులూ పెట్టుకునే రక్షలూ నాకు వింతగా అనిపించలేదు. అమ్మ జబ్బుని పిల్ల ఏమీ చేయలేదు. జెయింట్‌ని అయితే సుత్తితో కొట్టొచ్చు.

బాధలో ఉన్న పిల్లలంటే మూలన కూర్చుని ఏడ్చే పిల్లలనే మనం అనుకుంటాం, ఇంట్లో అందరూ దగ్గరికి తీసుకునేదీ అలాంటివాళ్ళనే. బార్బరా ఏడవదు, కరుస్తుంది. స్నేహం కోసం వచ్చిన సోఫియాని కూడా గాయపరుస్తుంది. స్కూల్ కౌన్సిలర్ మిసెస్ మోలే ఓపికగా, ప్రేమగా అడిగినా విరుచుకుపడుతుంది. కెలీ ఆ పిల్లని ముద్దుగా మార్చే ప్రయత్నం ఎక్కడా చేయలేదు, నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది అదే. నాన్న చనిపోయిన ఏడాది నేను తమ్ముణ్ణి ఊరికే కొట్టేదాన్ని. మొండిదైపోయిందన్నారు తప్ప ఎందుకని ఎవరూ అడగలేదు.

చివర్లో తుఫానుతో పాటు సముద్రంలోంచి టైటన్ వస్తుంది. ఆ పోరాటం పేజీల్లో గీతలు చెలరేగిపోతాయి, సిరా ఒలికిపోయినట్టు ఉంటుంది. పిల్ల గెలుస్తుంది కూడా. అప్పుడు టైటన్ చెబుతుంది, నేను వచ్చింది మీ అమ్మ కోసం కాదు, నీ కోసమని. నాకు ఇది రెండుసార్లు చదివితే గానీ పూర్తిగా ఎక్కలేదు. గెలిచినా అమ్మ బతకదు. కానీ ఆ తర్వాతే బార్బరా మెట్లెక్కి అమ్మ దగ్గరికి వెళుతుంది, మిగిలిన కొద్ది సమయం ఆమె పక్కన ఉంటుంది. ఊహలో బతకడం తప్పని, డాక్టరు వచ్చి నయం చేయాల్సిన రోగమని ఈ కథ అనలేదు. ఆ ఊహే పిల్లని మెట్ల దాకా తీసుకొచ్చింది.

లోపాలు లేవని కాదు. మొదటి రెండు భాగాలు కావాలనే అయోమయంగా ఉంటాయి, ఎవరు నిజం ఎవరు ఊహ అర్థంకాక నేను ఒకసారి పక్కన పెట్టేశాను. మీరు పెట్టకండి. స్కూల్లో ఏడిపించే టేలర్ అనే అమ్మాయి పాత్రకి లోతు లేదు, కొట్టడానికే ఉన్నట్టు ఉంటుంది. కొన్ని కొట్లాట బొమ్మల్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియదు. ఇంగ్లిష్ కష్టం కాదు గానీ అమెరికా ఆటల ప్రస్తావనలు కాస్త అడ్డుపడతాయి. బొమ్మలున్నాయి కదా అని చిన్నపిల్లలకి ఇచ్చేయకండి, దెబ్బలూ రక్తమూ ఉన్నాయి. పన్నెండేళ్ళు దాటాక ఇవ్వొచ్చని నా అభిప్రాయం, అది కూడా ముందు మీరు చదివి, పిల్లలు చదివేటప్పుడు ఇంట్లో ఉండి. ఈ మధ్యే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలైతే వాళ్ళంతట వాళ్ళు అడిగేదాకా ఆగండి.

నా కాపీ ఇప్పుడు నా దగ్గర లేదు. పోయిన నెల తమ్ముడికి ఇచ్చాను, నాన్న పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, వాడికి గుర్తున్నది చాలా తక్కువ అనుకునేదాన్ని. అర్ధరాత్రి దాటాక మెసేజ్ పెట్టాడు: “అక్కా, నువ్వు గేటు దాకా ఊపిరి బిగపట్టి వచ్చేదానివి కదా, నేను అరుగు మీంచి చూసేవాణ్ణి. నువ్వు లోపలికి వచ్చేదాకా నేను కూడా బిగపట్టేవాణ్ణి.”