జాగ్రత్త: వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి "కన్ఫర్మ్‌డ్ టికెట్" అంటూ డబ్బు అడిగేవాళ్లతో

2030 ఫ్రెంచ్ ఆల్ప్స్ వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి "ముందస్తు బుకింగ్", "కన్ఫర్మ్‌డ్ సీటు" అంటూ ఎవరైనా లింకు పంపితే దయచేసి ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఈ పోస్టు రాసేనాటికి ఆ క్రీడలకు టికెట్ల అమ్మకమే మొదలవలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది ఈ వ్యాపారం. ఇంకా ధర తేలలేదు, సీటు తేలలేదు, కానీ కేటగిరీ పేరు పెట్టి, రేటు కట్టి, కార్డు వివరాలు అడిగే పేజీ మాత్రం సిద్ధం. 2034లో అమెరికాలోని యూటాలో జరగబోయే వింటర్ ఒలింపిక్స్‌కీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇది ఎలా నడుస్తుందో ఇటలీలోని మిలాన్‌లో మొదలైన 2026 వింటర్ ఒలింపిక్స్ ఉదాహరణగా చెబుతాం. 2026 ఫిబ్రవరి 6న శాన్ సీరో స్టేడియంలో జరిగిన ప్రారంభోత్సవానికి నిర్వాహకులు పెట్టిన ధరలు 260 యూరోల నుంచి 2,026 యూరోల దాకా. అంటే అన్నిటికన్నా చవక సీటే 27,000 రూపాయల పైమాట. విడి టికెట్లు అమ్మింది నిర్వాహకుల సొంత వెబ్‌సైటు. టికెట్‌తో పాటు భోజనం, బస కలిపిన ప్యాకేజీలకు అధికారిక హాస్పిటాలిటీ సంస్థ ఆన్ లొకేషన్. ఇలాంటి వేడుకల్లో చవక సీట్లే ముందు అయిపోతాయి. అప్పుడు చాలామంది ఫోన్‌లో వెతుకుతారు, పైన వచ్చే ప్రకటన లింకు నొక్కుతారు, నేరుగా ఏదో రీసేల్ సైటులో తేలతారు. అక్కడ ఐదు రింగుల రంగులు, మంచు కొండల ఫోటో, "ఇంకా 3 సీట్లే ఉన్నాయి", పక్కనే తగ్గిపోతున్న గడియారం. కంగారు పడేది ఆ గడియారాన్ని చూసే.

డబ్బు కట్టాక వచ్చే మెయిల్‌ని జాగ్రత్తగా చదవండి, అసలు సంగతి అందులోనే ఉంటుంది. "మీ ఆర్డర్ ఖాయమైంది. టికెట్లు కార్యక్రమానికి కొద్ది రోజుల ముందు అందుతాయి" అని ఉంటుంది. బ్లాక్ నంబరు, వరుస, సీటు మాత్రం ఉండవు. ఖాయమైంది మీ చెల్లింపు, సీటు కాదు. అమ్మేవాడి చేతిలో ఆ రోజుకి టికెట్ లేదు. వేడుక దగ్గరపడ్డాక ధర పడితే అప్పుడు కొని మీకిచ్చి, మధ్యలో తేడా మిగుల్చుకుందామన్నది అతని లెక్క. ధర పడకపోగా పెరిగితే, మీకు టికెట్ ఇస్తే అతనికి నష్టం. అప్పుడే రెండో మెయిల్ వస్తుంది: సప్లయర్ రద్దు చేశాడు, క్షమించండి, రీఫండ్ ప్రాసెస్ చేస్తున్నాం. అది వచ్చేది వేడుకకు ఒకటి రెండు రోజుల ముందు. అప్పటికి మీ విమానం టికెట్లు, హోటల్ గది రద్దుకు వీల్లేని దశలో ఉంటాయి. టికెట్ డబ్బు వెనక్కి వచ్చినా నిజమైన దెబ్బ తగిలేది అక్కడే, ప్రయాణం ఖర్చు టికెట్ ధరను ఎప్పుడో దాటేసి ఉంటుంది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ అప్పుడు అచ్చం అధికారిక సైటులా కనిపించిన ఓ వెబ్‌సైటు ప్రపంచం నలుమూలల వాళ్లకు టికెట్లు అమ్మింది, అందులో ప్రారంభోత్సవం టికెట్లూ ఉన్నాయి. కొన్నవాళ్లలో క్రీడాకారుల కుటుంబాలవాళ్లు కూడా ఉన్నారు. ఆటలు మొదలయ్యే సమయానికి చేతికి ఏమీ రాలేదు. కుటుంబంలో ఒకరు ఒలింపిక్స్‌కి వెళ్తున్నవాళ్లే మోసపోయారంటే, "నాకు తెలుసులే" అన్న ధీమా ఎవరికీ పనికిరాదు.

డబ్బు కట్టే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వెబ్‌సైటు పేరును ప్రకటన నుంచి కాకుండా మీరే టైప్ చేసి తెరవండి: ఒలింపిక్స్ డాట్ కామ్‌కి వెళ్లి, అక్కడి నుంచి ఆయా క్రీడల నిర్వాహకుల టికెట్ పేజీకి వెళ్లండి. ఆ దారిలో చేరని సైటు ఎంత అందంగా ఉన్నా అధికారికం కాదు. అనుమానం ఉంటే డొమైన్ (వెబ్‌సైటు చిరునామా పేరు) ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూఈజ్ సైట్లలో ఉచితంగా చూడొచ్చు. మూడు నెలల క్రితం పుట్టిన డొమైన్ "పదిహేనేళ్ల అనుభవం" అని చెప్పుకుంటుంటే అక్కడితో ఆపేయండి. అమ్మేవాడు చెప్పే కేటగిరీ పేరు నిర్వాహకుల సీటింగ్ మ్యాప్‌లో ఉందో లేదో సరిపోల్చండి. తర్వాత షరతుల పేజీలో మూడు మాటల కోసం వెతకండి: "సమానమైన ప్రత్యామ్నాయం", "వోచర్ రూపంలో రీఫండ్", "అంచనా డెలివరీ తేదీ". ఈ మూడూ కలిసి కనిపిస్తే మీరు కొంటున్నది టికెట్ కాదు, అతని మాట.

చెల్లింపు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

ఒలింపిక్స్ అధికారిక సైట్లలో ఆన్‌లైన్ చెల్లింపుకు వీసా కార్డు ఉండాలి, ఆ సంస్థ ఒలింపిక్స్ స్పాన్సర్ కాబట్టి. రూపే, మాస్టర్‌కార్డ్ మాత్రమే ఉన్నవాళ్లు చివరి పేజీలో ఆగిపోతారు. ఆ నిరాశలోనే "మేము ఏ కార్డయినా, యూపీఐ అయినా తీసుకుంటాం" అనే సైటు వైపు వెళ్తారు. అందుకే అమ్మకాలకు నెల ముందే వీసా క్రెడిట్ కార్డు ఏర్పాటు చేసుకోండి. భారతీయ కార్డుల్లో విదేశీ లావాదేవీలు రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం మొదట్లో ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంకు యాప్‌లో "ఇంటర్నేషనల్ యూసేజ్" ఆన్ చేసి, ఆన్‌లైన్ లిమిట్ టికెట్ ధర కన్నా పెంచి పెట్టుకోవాలి. చాలా కార్డులపై ఫారిన్ కరెన్సీ మార్కప్ అనే అదనపు రుసుము 2 నుంచి 3.5 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ. ఈ లెక్క ముందే వేసుకోకపోతే లిమిట్ కొద్ది రూపాయల తేడాతో దాటి లావాదేవీ ఫెయిలవుతుంది, సీటు ఇంకొకరికి పోతుంది.

క్రెడిట్ కార్డే ఎందుకంటే ఛార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రప్పించుకునే వీలు, ఉంటుంది కాబట్టి. కొన్నది అందలేదని బ్యాంకులో డిస్ప్యూట్ (చెల్లింపుపై ఫిర్యాదు) వేయడానికి వీసా కార్డు సంస్థ నిబంధనల్లో 120 రోజుల గడువు ఉంది. అందాల్సిన తేదీ తర్వాతిదైతే ఆ తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. కానీ దానికీ ఒక హద్దుంది: డబ్బు కట్టిన రోజు నుంచి 540 రోజులు. అది దాటితే డిస్ప్యూట్ వెళ్లదు. వేడుకకు మూడు నాలుగేళ్ల ముందు డబ్బు తీసుకునేవాళ్లను ఇంత గట్టిగా వద్దంటున్నది ఇందుకే. 2030 ఫిబ్రవరిలో టికెట్ రాలేదని మీకు తెలిసే వేళకి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. యూపీఐ, బ్యాంకు ట్రాన్స్‌ఫర్, క్రిప్టో, గిఫ్ట్ కార్డు అడిగితే ఆ తలుపు అసలు లేదనే అర్థం. "కార్డు మెషీన్ పనిచేయట్లేదు, ఈ నంబరుకి పంపండి" అనగానే ఫోన్ పెట్టేయండి.

తెలిసినవాళ్ల దగ్గర కొనడంలోనూ ప్రమాదం ఉంది. మిలాన్, టురిన్‌లలో చదువుకుంటున్న మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లాంటి చోట్ల "మా ఫ్రెండ్ రాలేకపోతున్నాడు, టికెట్ ఇచ్చేస్తున్నాడు" అనే మెసేజ్ నిజమే కావచ్చు. కానీ ఇప్పుడు టికెట్ అంటే కాగితం కాదు, అధికారిక ఖాతాకు ముడిపడి ఫోన్ యాప్‌లో ఉండే క్యూఆర్ కోడ్. ఎవరైనా పీడీఎఫ్ గానీ స్క్రీన్‌షాట్ గానీ పంపితే మీ దగ్గర ఉన్నది ఒక బొమ్మ. అదే బొమ్మ ఇంకో పదిమంది దగ్గర ఉండొచ్చు. గేటు దగ్గర స్కానర్ మొదట చదివిన ఫోన్‌కి పచ్చ లైటు వెలుగుతుంది, తర్వాత వచ్చినవాళ్లందరికీ ఎరుపు. అమ్మినవాడు మంచివాడే అయినా, అతను కొన్న కార్డు చెల్లింపు వెనక్కి వెళ్లిపోతే ఆ టికెట్ రద్దవుతుంది, మీకు ఎవరూ చెప్పరు. సరైన దారి ఒకటే: నిర్వాహకుల అధికారిక రీసేల్ లేదా బదిలీ ద్వారా టికెట్ అతని ఖాతాలోంచి మీ ఖాతాలోకి రావాలి. మీ పేరు మీద, మీ మెయిల్‌తో, మీ ఫోన్ యాప్‌లో కనిపించాకే డబ్బు ఇవ్వండి.

చట్టం కూడా బయటి అమ్మకాల వైపు లేదు. ఫ్రాన్స్‌లో నిర్వాహకుల అనుమతి లేకుండా అలవాటుగా టికెట్లు తిరిగి అమ్మడం 2012 నుంచి శిక్షాస్మృతిలో నేరం, జరిమానా 15,000 యూరోలు. ఇటలీలోనూ అనుమతి లేని సెకండరీ అమ్మకాలపై 2016 చివర్లో నిషేధం వచ్చింది. అమ్మేవాడికి శిక్ష పడినా మీకు సీటు రాదు కాబట్టి, ఈ విషయం తెలుసుకోవడం వల్ల లాభం ఒక్కటే: "మాది లైసెన్సు ఉన్న రీసేల్" అని ఎవరైనా అంటే, ఏ నిర్వాహకుడు ఇచ్చిన అనుమతి అని అడగొచ్చు.

ఇక అధికారికంగా కొన్నా తెలియక నష్టపోయే సంగతులు రెండున్నాయి.

ఒకటి సీటు. శాన్ సీరోలో కూర్చునే చోటు మూడు అంతస్తుల రింగులుగా ఉంటుంది. నాలుగు వైపులకు నాలుగు రంగుల పేర్లు: పడమర ఎరుపు, తూర్పు నారింజ, ఉత్తరం పచ్చ, దక్షిణం నీలం. 1990 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం కట్టిన మూడో రింగు తూర్పు వైపు లేనే లేదు. కాబట్టి ఎవరైనా "నారింజ వైపు మూడో రింగు" అని అమ్మితే ఆ సీటు భూమ్మీద లేదు. ఏ స్టేడియానికైనా ఇంతటి చిన్న పరీక్ష చాలు. నిర్వాహకుల మ్యాప్ పక్కన పెట్టుకుని, అమ్మేవాడు చెప్పిన వైపు, అంతస్తు, బ్లాకు అందులో వేలు పెట్టి చూపించగలగాలి. మూడో రింగు చవక అని కొనేముందు ఎవరు కూర్చుంటారో ఆలోచించండి. పైకి చేరాలంటే టవర్ల చుట్టూ తిరుగుతూ వెళ్లే ర్యాంపులు ఎక్కాలి, పైన మెట్లు నిటారుగా ఉంటాయి. ఫిబ్రవరి రాత్రి మిలాన్ చలిలో మూడు గంటల పైగా కదలకుండా కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే కింది రింగులో దొరక్కపోతే మానుకోవడమే మంచిది.

రెండోది, ఎవరిని చూడటానికి వెళ్తున్నారన్నది. మిలాన్ వేడుక ఒక్క చోట జరగలేదు. శాన్ సీరోతో పాటు కోర్టీనా, లివీన్యో, ప్రెదాజ్జోల్లో కూడా క్రీడాకారుల కవాతు సాగింది, పోటీ జరిగే కొండల దగ్గరే ఉన్నవాళ్లు మిలాన్ దాకా రాకుండా. జ్యోతి కూడా రెండు చోట్ల వెలిగింది: మిలాన్‌లో ఆర్కో దెల్లా పాచే దగ్గర, కోర్టీనాలో పియాజ్జా దీబోనాలో. స్టేడియంలో ఉన్నవాళ్లు ఆ దృశ్యాలను తెర మీదే చూశారు. భారత్ నుంచి వెళ్లింది ఇద్దరు: ఆల్పైన్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్, క్రాస్ కంట్రీ స్కీయర్ స్టాంజిన్ లుండుప్. పురుషుల ఆల్పైన్ పోటీలు బోర్మియోలో, క్రాస్ కంట్రీ తెసెరోలో, రెండూ మిలాన్‌కి దూరంగా కొండల్లో. మన జెండా వెనక నడిచేవాళ్లను కళ్లారా చూడాలనుకునేవాళ్లు టికెట్ కొనేముందే ఏ క్రీడ ఎక్కడ, ఆ క్రీడాకారులు ఎక్కడ నడుస్తారు అన్నది చూసుకోవాలి. 2030 క్రీడలు కూడా నీస్ తీరం నుంచి ఉత్తరాన ఆల్ప్స్ దాకా పరుచుకున్నవే.

ప్రయాణానికి కావాల్సిన వీసా మాట కూడా ఇక్కడే. ఇటలీ, ఫ్రాన్స్ లాంటి యూరప్ దేశాలకు వెళ్లడానికి తీసుకునే షెంజెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. టికెట్ ఉన్నంత మాత్రాన వీసా వస్తుందన్న హామీ లేదు, వీసా రాలేదని టికెట్ డబ్బు వెనక్కి రాదు. "టికెట్ మాతో కొంటే వీసా గ్యారంటీ" అనే ఏజెంటు అబద్ధం చెబుతున్నట్టే, వీసా ఇచ్చేది కాన్సులేట్.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకీ ఒక హెచ్చరిక. మిలాన్ వేడుక అక్కడ రాత్రి 8 గంటలకు, మనకి అర్ధరాత్రి దాటి 12:30కి. అలాంటి వేళల్లో "ఫ్రీ లైవ్" లింకులు సోషల్ మీడియాలో కుప్పలుగా వస్తాయి. వయసు నిర్ధారణ కోసమంటూ కార్డు నంబరు అడిగే ప్రతి లింకూ మోసమే. ఫోన్‌లో ఏదో ప్లేయర్ ఏపీకే (యాప్ స్టోర్‌లో కాకుండా బయటి నుంచి వచ్చే యాప్ ఫైలు) ఇన్‌స్టాల్ చేయమంటే అసలే వద్దు, ఓటీపీలు చదివేవి అలాగే లోపలికి వస్తాయి. విదేశీ ఓటీటీకి సబ్‌స్క్రిప్షన్ తీసుకుని వీపీఎన్‌తో చూద్దామనుకుంటే, ఆ దేశపు కార్డు లేకపోతే చాలా చోట్ల చెల్లింపే ఒప్పుకోదు, ఒప్పుకున్నా ప్రసారం మధ్యలో ఆగొచ్చు. ప్రసారం ఉంటుందని ముందే డబ్బు కట్టడం కూడా మంచిది కాదు: 2022 బీజింగ్ వేడుకను ప్రసారం చేయబోమని దూరదర్శన్ ముందు రోజు ప్రకటించింది, గల్వాన్ ఘర్షణలో పాల్గొన్న చైనా సైనికాధికారికి టార్చ్ ఇచ్చినందుకు నిరసనగా. వేడుక వారంలో హక్కులు ఎవరివో చూసుకుని నెల ప్లాన్ తీసుకుంటే చాలు.

ఇప్పటికే ఎక్కడో డబ్బు కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, ఈరోజే కదలండి. ముందుగా ఆర్డర్ పేజీ, మెయిళ్లు, చాట్, షరతుల పేజీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఆ పేజీలు తర్వాత మాయమవుతాయి. అమ్మినవాడికి మెయిల్‌లో సీటు వివరాలు అడగండి, 7 రోజుల గడువు ఇవ్వండి. ఫోన్‌లో మాట్లాడితే రుజువు మిగలదు. జవాబు రాకపోతే, వచ్చినా డొంకతిరుగుడుగా ఉంటే, కార్డు ఇచ్చిన బ్యాంకులో "సేవ అందలేదు" అన్న కారణంతో డిస్ప్యూట్ వేయండి. "రీఫండ్ 90 రోజుల్లో" అన్న మాట నమ్మి ఎదురుచూస్తూ గడువు పోగొట్టుకోవద్దు. వోచర్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు, తీసుకుంటే డిస్ప్యూట్ బలహీనపడుతుంది. కార్డు వివరాలు నకిలీ సైటులో ఇచ్చినట్టు అనుమానముంటే కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకోండి. యూపీఐ, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయితే క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి మారేలోపు ఆపగలిగేది ఆ మొదటి గంటల్లోనే. మోసం కాదు గానీ సేవలో లోపం అనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అమెరికాలో ఉన్నవాళ్లు కార్డు బ్యాంకుతో పాటు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేయండి.

రీఫండ్ ఇప్పిస్తామని తర్వాత ఎవరైనా ఫోన్ చేస్తే అది రెండో మోసం. మీ ఆర్డర్ నంబరు, కట్టిన మొత్తం వాళ్ల నోట వినిపించినా నమ్మొద్దు, మొదటివాళ్ల దగ్గర ఉన్న జాబితానే చేతులు మారి ఉంటుంది.