సిటీ కారు అల్లాయ్‌లకి కోన్ నట్లు: ఏళ్ల తరబడి వాడాక

శ్రీకాకుళం చుట్టుపక్కల ఎవరైనా హోండా సిటీకి బయటి అల్లాయ్‌లు వేయించాలనుకుంటే, చక్రం డిజైన్ కంటే ముందు నట్ల సంగతి తేల్చుకోండి. నా 2014 మోడల్ సిటీకి అల్లాయ్‌లు వేయించినప్పుడు విడిగా కొన్న కోన్ నట్లనే (చక్రం మీద ఆనే వైపు గరాటులా వాలుగా ఉండేవి) ఇప్పటికీ వాడుతున్నాను. ఇచ్ఛాపురం దాకా హైవే, సాలూరు దాటాక ఒడిశా ఘాట్ రోడ్డు, వానాకాలంలో ఊళ్లో గోతులు, అన్నీ అయ్యాయి. ఇంతవరకు ఒక్క నట్టూ వదులు కాలేదు.

సిటీతో చిక్కు ఎక్కడంటే, కంపెనీ నట్టు చక్రం మీద ఆనే భాగం గోళీలా గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే అల్లాయ్‌లలో చాలా వాటికి నట్టు కూర్చునే గుంట 60 డిగ్రీల కోన్ ఆకారంలో ఉంటుంది. స్టడ్, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, మాత్రం అదే కాబట్టి పాత నట్టు హాయిగా ఎక్కుతుంది, బిగుస్తుంది కూడా. కానీ గుండ్రటి నట్టు కోన్ గుంటలో సన్నటి గీత మేరకే ఆనుతుంది. బిగింపంతా ఆ గీత మీదే పడుతుంది. అల్యూమినియం మెత్తన, అక్కడ అణిగిపోయి పట్టు తగ్గుతుంది. చక్రం కాస్త ఆడడం మొదలైతే ఆ దెబ్బలన్నీ స్టడ్లే తినాలి.

చక్రాలు వేయించిన షాపులో కుర్రాడు పాత నట్లే అందుకున్నాడు. వద్దంటే, "ఏటీ అవదు బాబూ, మర పట్టేసింది కదా" అన్నాడు. గుంట లోపల మార్కర్ సిరా పూసి, పాత నట్టుని చేత్తో బిగించి తీసి చూపించాను. నట్టు మీద దారమంత సిరా గీత. నేను తెచ్చుకున్న కోన్ నట్టుతో అదే చేస్తే చుట్టూ వెడల్పుగా పట్టీలా అంటింది. ఇంకేం మాట్లాడకుండా పాత నట్లు పక్కన పెట్టేశాడు. ఈ పరీక్షకి రెండు నిమిషాలు చాలు. ఏ కారుకైనా చేయించుకోండి.

మర కొలత కూడా చూడాలి. సిటీ స్టడ్ లావు 12 మి.మీ., పిచ్ (ఒక మర చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య దూరం) 1.5 మి.మీ. మన వైపు మారుతీలు ఎక్కువ, వాటి పిచ్ 1.25. షాపు డబ్బాలో రెండూ కలిసిపోయి ఉంటే కంటికి తేడా తెలీదు. 1.25 నట్టు సిటీ స్టడ్ మీద ఒకటి రెండు చుట్లు ఎక్కి పట్టేస్తుంది. అక్కడ నట్లు బిగించే గన్ పెట్టి కొడితే స్టడ్ మర పోయినట్టే. అందుకే ప్రతి నట్టూ ముందు చేత్తోనే ఎక్కించమనండి. గుంటకి ఆనేలోపు 8 చుట్లు తిరగాలి. అంటే 12 మి.మీ. మర పట్టినట్టు, స్టడ్ ఎంత లావో అంత. ఒక కొస మూసుకుని ఉండే మూత నట్లయితే ఇంకో సంగతి ఉంది. లోపలి లోతు చాలకపోతే స్టడ్ కొస మూతకి తగిలి ఆగిపోతుంది. పానాకి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది గానీ చక్రం మీద పట్టుండదు.

హబ్ (చక్రం మధ్య రంధ్రం కూర్చునే కారు భాగం) సైజు 56.1 మి.మీ. అల్లాయ్ మధ్య రంధ్రం అంతకంటే పెద్దదైతే ఆ సందు నిండేలా రింగు వేయించండి.

బిగింపు 108 న్యూటన్ మీటర్లు. గన్‌తో అందాజుగా కొట్టించడం నాకు నచ్చదు. సొంతానికి టార్క్ పానా (ఎంత బలంతో బిగుస్తోందో తెలిపే పానా) కొనుక్కున్నాను. నట్లు ఎదురెదురుగా బిగిస్తాను, మరకి నూనె రాయను. చక్రం విప్పిన ప్రతిసారీ సుమారు వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూస్తాను. విశాఖ వెళ్లి, చక్రాలు చల్లారాక చూసుకుంటే సరిపోతుంది.

ఇక లోపాలు. నావి ఒకే ముక్కలో చేసిన ఉక్కు నట్లు, పైన క్రోమ్ పూత. బలానికి వంక పెట్టలేను. పూత మాత్రం నిరాశపరిచింది. గన్ సాకెట్ తగిలిన మూలల్లో పెచ్చులు లేచాయి. మాది సముద్రపు గాలి కదా, కళింగపట్నం వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆ మూలల్లో తుప్పు ఇంకాస్త పాకుతుంది. మర జోలికి రాలేదు. ఇంకోటి, అల్లాయ్‌లో నట్లు దిగే రంధ్రాలు ఇరుకు. పంక్చర్ షాపుల్లో వాడే మందపాటి సాకెట్ లోపలికి దిగదు, బలవంతంగా దూరిస్తే చక్రం గీసుకుపోతుంది. పల్చటి 19 మి.మీ. సాకెట్ ఒకటి డిక్కీలో పెట్టుకోవాల్సిందే.

స్టెప్నీ సంగతి చాలామంది పట్టించుకోరు. అది కంపెనీ ఇనుప చక్రం, గుంట గుండ్రటిదే. దానికి కోన్ నట్టు పనికిరాదు. పాత నట్లు పారేయకుండా నాలుగైనా గుడ్డలో చుట్టి జాకీ పక్కన పెట్టండి, రోడ్డు మీద చక్రం మార్చేవాళ్లకి అవే ఇవ్వండి.

మళ్లీ కొంటే ఇదే కొలత, ఇదే ఒక ముక్క నట్టు తీసుకుంటాను. క్రోమ్ బదులు జింక్ పూత అడుగుతాను.